అడ్డగాలిలో విమానం దిగుట

అడ్డగాలి అనగా రన్‌వేకు ఒక పక్క నుండి మరొక పక్కకు వీచే గాలి. విమానాలు సాధారణముగా ఎదురుగాలిలోనికి దిగుతాయి. నైఋతి ఋతుపవనాల కాలంలో తెలంగాణలో గాలి ఎక్కువగా పడమటి వైపు నుండి వీస్తుంది. బేగంపేట, శంషాబాదు రన్‌వేలు తూర్పు పడమరలుగానే ఉన్నాయి. కాని వేసవిలో ఉరుములతో వచ్చే ఈదురుగాలి ఏ దిక్కు నుండైనా రావచ్చును.

గాలి లెక్క

గాలి వేగాన్ని, గాలికీ రన్‌వేకూ నడుమ ఉన్న కోణపు సైను విలువతో గుణించిన అడ్డగాలి వేగం తెలుస్తుంది. 30 డిగ్రీల కోణంలో గాలి 16 నాట్లు ఉంటే అడ్డగాలి 8 నాట్లే. అదే గాలి ఒక్క విసురుతో 26 నాట్లకు పెరిగితే అది 13 అవుతుంది. శిక్షణలో విరివిగా వాడిన సెస్నా 152 విమానానికి పరీక్షలలో చూపిన అడ్డగాలి 12 నాట్లు, సెస్నా 172కు 15 నాట్లు. సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. అది దిగే వేగం సుమారు 60 నాట్లు. అందుచేత పెద్ద విమానం లెక్కచేయని గాలి కూడా దీనిని పక్కకు నెట్టగలదు.

వరంగల్‌లో సుబేదారి వాసులకు సమీపంలోని మామునూరు విమానాశ్రయం 1930లో నిజాం పాలనలో నిర్మింపబడి, 1981లో మూతబడినది. దాని పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినది. అక్కడ దిగబోయే చిన్న విమానాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ప్రమాదం జరుగు తీరు

పైలట్ విమానం ముక్కును గాలి వైపు కొంత తిప్పి, ఏటవాలుగా రన్‌వేను సమీపిస్తాడు. చక్రాలు నేలను తాకే ముందు చుక్కానితో ముక్కును రన్‌వేకు సూటిగా తెచ్చి, గాలి వైపు రెక్కను కొద్దిగా దించుతాడు. అసలు చిక్కు ఈ కొద్ది క్షణాలలోనే ఉన్నది. ముక్కు సూటిగా రాకముందే చక్రాలు తాకితే వాటిపై పక్క ఒత్తిడి పడి చక్రాల కాళ్ళు విరగవచ్చును. విసురు హఠాత్తుగా తగ్గితే విమానం దబ్బున పడుతుంది, పెరిగితే రెక్క లేస్తుంది.

నేలను తాకినంత మాత్రాన ప్రమాదం తప్పినట్లు కాదు. నిలువు తోక గాలికోడి వలె పనిచేసి ముక్కును గాలి వైపు లాగుతుంది. తోకచక్రపు విమానాలైతే గిరుక్కున తిరిగి రన్‌వే దాటిపోతాయి. కనుక విమానం వేగం తగ్గేవరకు ఐలెరాన్లను గాలి వైపే ఉంచాలి.

సందేహం కలిగితే ఇంజను వేగం పెంచి తిరిగి పైకి లేవడమే సరియైన నిర్ణయం. 2008 మార్చి 1న జర్మనీలోని హాంబర్గ్‌లో తుఫాను గాలిలో లుఫ్తాన్సా వారి ఏ320 విమానపు ఎడమ రెక్క కొన నేలను రాసుకున్నది. పైలట్లు వెంటనే పైకి లేపి, వేరొక రన్‌వేపై క్షేమంగా దించారు.