చెయ్యెత్తని పిల్లోడు

పోయిన నెల మా చిన్న మనవడి బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టినారు. కొడుక్కీ కోడలికీ ఇద్దరికీ పగటి షిఫ్టు, అందుకని నేను పోయినాను. వాడిది నాలుగో తరగతి. టీచరమ్మ మంచి మనిషి. బడి పేరు ఇక్కడ అక్కరలేదు. ఆమె వాడి నోటుబుక్కులు తీసి చూపించి తమిళంలో చెప్పింది. రాత బాగుంది, లెక్కలు బాగున్నాయి, అయితే క్లాసులో నోరు తెరవడు, ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు అని. "ఇంట్లో కూడా ఇట్లనే ఉంటాడా తాతా?" అని అడిగింది.

ఏమని చెప్పాల? ఇంట్లో వాడి నోరు మూయించడానికి మా ఇంటామె సంగటి ముద్ద పెట్టాల్సి వస్తుంది. రాగి చేలు కోతకొచ్చే కాలానికి జవళగిరి పక్కకు ఏనుగులు దిగుతాయని మీకు తెలిసిందే, బన్నేరుఘట్ట అడివి నుంచి ఏటా వచ్చే దారే అది. పోయినసారి అవి వచ్చి పోయినాక వాడు పది రోజులు అదే కథ చెప్పినాడు. ఏది ముందు నడిచింది, పిల్ల ఏనుగును ఏ పక్క పెట్టుకున్నాయి, టపాకాయ పేలితే ఏది తిరిగి చూసింది, అన్నీ. అట్లాంటివాడు బడిలో మూగోడెట్ల అయినాడు?

ఈ మాట మా పెద్ద మనవరాలికి చెప్పినాను. కూతురి కూతురు, బి.ఎడ్. చదువుతా ఉంది. ఆమె తన పుస్తకం తెచ్చి నాకు చదివి వినిపించింది. స్విట్జర్లాండు దేశంలో యూంగ్ అనే డాక్టరు 1921లోనే మనుషుల స్వభావాల మీద పెద్ద పుస్తకం రాసినాడంట. కొందరికి నలుగురిలో ఉంటే ఉత్సాహం, మాట్లాడతా మాట్లాడతానే వాళ్లకు ఆలోచన వస్తుంది. వాళ్లను బహిర్ముఖులంటారు. కొందరు లోపల అంతా కుదిరినాకే బయటికి చెప్తారు. వాళ్లు అంతర్ముఖులు. శానామంది ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటారు. రెండూ జబ్బులు కావు, తెలివి ఎక్కువ తక్కువలూ కావు అని ఆమె గట్టిగా చెప్పింది.

వింటా ఉంటే నాకు నా చెల్లెలు గుర్తుకొచ్చింది.

మేమిద్దరం ఒకే బడికి పోయినవాళ్లం, తెలుగు బడి. నేను వాగుడుకాయను. అయ్యవారు ప్రశ్న పూర్తిగా అడగకముందే లేచి నిలబడేవాణ్ణి. తప్పు చెప్పినా గట్టిగా చెప్తే సగం మెప్పు దొరికేది. చెల్లెలు గోడవార కూర్చొని పలక మీద జవాబు రాసుకొని, ఎవరూ చూడకుండా చెరిపేసేది. అయ్యవారు అడిగితే తల వంచుకొనేది. మూడో తరగతిలో ఆయన మా నాయనను పిలిచి, పాపకు చదువు ఎక్కడం లేదు, ఇంట్లో పనికన్నా అక్కరకొస్తుంది అన్నాడు. నాయన మానిపించినాడు. నేను అయిదు దాకా చదివినాను. ఈ పొద్దు ఆమె 20 మంది చీటీ పాట లెక్క కాగితం లేకుండా నోటికి చెప్తుంది. ఎవరు ఏ నెల ఎత్తినారు, ఎవరికి ఎంత తోసింది, పైసాతో సహా. నేను లెక్కకు కూర్చుంటే రెండుసార్లు కూడి మూడో అంకె చెప్తాను. పలక మీద ఆమె రాసింది సరిగ్గా ఉండేదని నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు. నా మెప్పు పోతుందని ఉంటుంది.

మిల్లులో కూడా ఇదే చూసినాను. 34 ఏండ్లు స్పిన్నింగు మిల్లులో రింగ్ ఫ్రేము దగ్గర పని. (జవళగిరివాడికి జవళి పని కాక ఇంకేం దొరుకుతుందని జతగాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.) ఆ షెడ్డులో అరిచినా వినపడదు, అంతా చేతిసైగలే. నా పక్క ఫ్రేము చూసే ఆయన బయటికొచ్చినా మాట్లాడేవాడు కాదు. ఒకసారి పోగులు ఊరికే తెగతా ఉన్నాయి. అతికి అతికి వేళ్లు కాయలు కాస్తా ఉన్నాయి. ఎందుకని ఆఫీసరు అందర్నీ వరసగా నిలబెట్టి అడిగినాడు. నోరున్నోళ్లం మేం నలుగురం, పత్తి బాగలేదని ఒకరు, గాలిలో తేమ చాలదని ఒకరు, తోచింది చెప్పినాం. ఆయన నేల చూపులు. మూడో రోజు మేస్త్రి టీ టైములో ఆయన పక్కన చేరి ఒక్కణ్ణే అడిగినాడు. "ఆ పక్క ట్రావెలర్లు అరిగిపోయినాయి" అన్నాడు. మార్చినారు, సరిపోయింది. మొన్ననే చెప్పుంటే మాకు ఇంత పాటు తప్పేది కదన్నా అని నేను కసురుకుంటే, "అందర్నీ అడిగినారు కదా, నన్నెక్కడ అడిగినారు?" అన్నాడు.

మనవరాలి పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మేరీ బడ్ రో అని అమెరికా ఆమె 1970ల నాటికే క్లాసుల్లో రికార్డు చేసుకొని లెక్క పెట్టిందంట. టీచరు ప్రశ్న అడిగి జవాబు కోసం ఎంతసేపు కాచుకుంటారు అని. సగటున ఒక్క సెకను! ఆ లోపల చెయ్యెత్తేది నాలాంటివాళ్లే. అదే టీచరు మూడు సెకన్లు ఓపిక పడితే ఎక్కువమంది పిల్లలు జవాబు చెప్పినారు, జవాబులు కూడా పొడుగయినాయి. మూడు సెకన్లంటే ఏముంది, తెగిన పోగు అతికేంత సేపు.

అయితే మన పక్క పిల్లల విషయంలో స్వభావం ఒక్కటే చూస్తే చాలదు. మనవరాలు అడిగిన ప్రశ్న నన్ను ఆపేసింది. "తాతా, వాడు నిజంగా తక్కువ మాట్లాడేవాడైతే ఏనుగుల కథ పది రోజులెట్ల చెప్తాడు?" వాడు ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగూ కన్నడమూ, బడిలో తమిళం. 2006లో చట్టం వచ్చినాక ఒకటో తరగతి మొదలు తమిళం మొదటి భాషగా చదవాల. నేర్చుకోవద్దని నేననను. మిల్లులో తమిళం, కన్నడం రెండూ నేర్చుకొని బతికినవాణ్ణి. అయితే పిల్లోడు ప్రశ్న తమిళంలో విని, జవాబు తెలుగులో తలచుకొని, దాన్ని మళ్లీ తమిళంలోకి మార్చి, తప్పొస్తే నవ్వుతారేమో అని జంకి చెయ్యెత్తే లోపల క్లాసు ముందుకు పోయి ఉంటుంది. వాణ్ణి సిగ్గరి అంటే ఎట్ల? అది స్వభావం కాదు. నిజంగానే తక్కువ మాట్లాడే బిడ్డ ఇంట్లో కూడా తక్కువే మాట్లాడుతుంది, నా చెల్లెలి మాదిరి. మీ బిడ్డ ఏ రకమో మీకే తెలుస్తుంది, టీచరుకు తెలిసే దారి లేదు. ఆ మాట మనమే పోయి చెప్పాల.

చెప్పడం ఎంత కష్టమో ఆ మీటింగులోనే తెలిసింది. చివర్లో పెద్ద సారు అందర్నీ చూసి "ఎవరైనా ఏమైనా చెప్తారా?" అన్నాడు. మిల్లు గేటు దగ్గర మైకు లేకుండా మాట్లాడినవాణ్ణి నేను. బడిలో, బెంచీ మీద, రాత తమిళం రానివాణ్ణి, నా చెయ్యి మోకాలి మీద నుంచి లేవలేదు. ఒక్క సెకనే కాచుకున్నాడు ఆయన కూడా.

మీటింగు అయినాక వసారాలో టీచరమ్మను ఆపి, నా మిల్లు తమిళంలోనే చెప్పినాను. ఏనుగుల కథ కూడా చెప్పినాను. ఆమె విసుక్కోలేదు. నలభైమంది పిల్లలు, పాఠం ముగించాల, ఒక్కొక్కరి దగ్గర నిలబడితే గంట కొట్టేస్తారు అంది. అది కూడా నిజమే. ఆ పొద్దు మా మనవరాలు నేర్చుకున్నట్టు కార్డులతో పాఠం ఉండుంటే వేరే సంగతి. ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, 2008 నాటికి, తమిళనాడు సర్కారు బడుల్లో చిన్న తరగతులకు ఆ పద్ధతి పెట్టినారు. పిల్లలు నేల మీద కూర్చొని, తమ తమ కార్డు తీసుకొని, తమ నడకన మెట్టు మెట్టు ఎక్కేవాళ్లు. గోడ కింది భాగమంతా పిల్లల ఎత్తుకు నల్లబల్ల. దానికి మూలం మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లెబడుల కోసం తెలుగులో తయారుచేసిన కార్డులు. అందులో ఎవరు ముందు చెయ్యెత్తినారనే పోటీ లేదు. దాంట్లోనూ కొరతలు ఉండె, కార్డులు చాలకపోవడం, ఒకే టీచరు అన్ని మెట్లూ చూడాల్సి రావడం, అవన్నీ నేను వాకిట్లో నిలబడి చూసినవే.

టీచరమ్మ ఒక్కదానికి ఒప్పుకుంది. దినానికి ఒక ప్రశ్న అడిగి, వెంటనే జవాబు అడగదు. ముందు పక్కనున్నోళ్లతో ఏ భాషలోనైనా చెప్పుకోమంటుంది, ఆ తర్వాతే చేతులెత్తించేది. పదిహేను దినాలు చూస్తాను అంది.

మూడు వారాలు అయింది. మావాడు ఇంకా చెయ్యెత్తలేదు. అయితే పోయిన బుధవారం వాడి పక్క పిల్లోడు చెయ్యెత్తి జవాబు చెప్పి, "ఇది నాది కాదు మిస్, వీడు చెప్పినాడు" అన్నాడంట. టీచరమ్మ వాడి దిక్కు తిరిగి, ఏమీ అనకుండా కాచుకునిందంట. వాడు లేచి నాలుగు మాటలు తమిళంలో చెప్పినాడు, అందులో ఒకటి తెలుగు మాట పడింది. ఎవరో నవ్వబోతే ఆమె చూపుతోనే ఆపింది. ఇదంతా మాకెట్ల తెలిసిందంటారా? ఆ సాయంత్రం సంగటి చల్లారేదాకా వాడు వాళ్ల అవ్వకు చెప్తానే ఉన్నాడు.