తరవాణి కుండకు కొలతలు

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడికి ఈమధ్య కొత్త సరదా పుట్టింది. ఇంట్లోనే బీరు కాచుకుంటాడట. అందులో బ్రౌన్ ఏల్ అని ముదురు గోధుమరంగు రకం ఒకటున్నది. అది మొదటిసారి తలపెట్టి, ఏ గింజ ఎంత పొయ్యాలో కాగితం మీద లెక్కవేసి నాకు పంపించాడు. "మామయ్యా, నీ తెలుగు ఎమ్మేని చూసి అడగటం లేదు, మీ ఇంట్లో తరవాణి కుండ ఉంది గనక అడుగుతున్నాను. చూసి చెప్పు" అని కింద ఒక ముక్క.

పాఠకులు ఉలిక్కిపడనక్కరలేదు. అక్కడ 1978లో చేసిన చట్టం ప్రకారం ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చును. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200 దాకా. అమ్మకూడదు. మనకు మాత్రం 1968 నాటి ఎక్సైజు చట్టం ఉన్నది. లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే కేసే. అంచేత ఇది చదివి ఎవరూ బీరు కాయబోకండి. నేను చెప్పదలచింది మన కుండ సంగతి. అయితే వాడి కాగితం చూశాకనే మన కుండ నాకు మరికాస్త బోధపడింది.

బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే అది మాల్టు. మొలక వచ్చేటప్పుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. మాల్టును నలగ్గొట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే తియ్యటి నీరు దిగుతుంది. దాన్ని హాప్స్ అనే చేదుపూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు వేస్తే పులుస్తుంది. రంగు, ఆ వేగిన వాసన వచ్చేది గింజను వేడిచేయటంలోనే. ఇదేమీ మన ఆడవాళ్ళకు కొత్త కాదు. మొలకెత్తిన రాగులను ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరి జావ కాస్తారు గదా! మామూలు రాగిజావ కంటే అది పలచగా జారటానికి కారణం ఆ ఎంజైములే. కాని గింజ నల్లబడేదాకా వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది. అప్పుడు మిగిలేది రంగూ, రుచీ మాత్రమే. అందుకనే ఏల్‌లో ముప్పాతికకు పైగా లేతరంగు మాల్టే ఉండాలి. నల్లది చిటికెడంత.

మావాడు ఏడురకాల గింజలు రాశాడు. కొత్తగా వంట మొదలుపెట్టిన ప్రతివాడూ అంతే. పోపులపెట్టెలో ఉన్నవన్నీ వేస్తేగాని పులుసు పులుసు కాదనుకుంటాడు. నాలుగు పుస్తకాలు తిరగేసి, నూటికి 85 పాళ్ళు లేత మాల్టు, 10 పాళ్ళు క్రిస్టల్ అనే తీపి మాల్టు, 5 పాళ్ళు చాక్లెట్ అనే నల్లమాల్టు ఉంచి, తక్కినవన్నీ కొట్టేశాను. మొదటికుండ రుచి తెలిశాక ఒక్కటి మార్చు, రెండోది ముట్టుకోకు అన్నాను.

ఈ మాట చెప్పినవాణ్ణి మా కుండకు మాత్రం ఎందుకు కొలత రాయలేదా అనిపించింది. మా ఇంట్లో తరవాణి అమ్మ చేతిమీదుగా సాగింది. ఎంత అంటే "చెయ్యి చెబుతుంది" అంటుంది. ఆ చెయ్యి తరవాత ఎవరు చెబుతారు?

తరవాణి పాతది. అమరకోశంలో కాంజికానికి ఆరనాళం, సౌవీరం, ధాన్యామ్లం వంటి పర్యాయపదాలు వరసగా ఉన్నాయి. ఆయుర్వేద గ్రంథాలు పొట్టుతో ఉన్న యవలతో పులియబెట్టినదాన్ని తుషోదకమనీ, పొట్టు తీసినవాటితో చేసినదాన్ని సౌవీరమనీ విడదీశాయి. యవలంటే బార్లీయే. మావాడి గింజకూ, మన కుండకూ చుట్టరికం ఉన్నదన్నమాట! 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన ఈ వరిసీమలో మన కుండలోకి వచ్చేది బియ్యపు గంజి. ఏల్‌లో కోరేది మత్తు, మనం కోరేది పులుపు. ఇక్కడ ముఖ్యంగా పనిచేసేది పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులే.

నెలరోజులు నోటుపుస్తకం పట్టుకొని కుండ పక్కన కూర్చున్నాను. తేలిన లెక్క ఇది. కొత్త కుండను రెండురోజులు నీళ్ళు పోసి నానబెట్టాలి. అన్నం వార్చిన గంజి 2 లీటర్లు గోరువెచ్చగా పొయ్యాలి. అందులో గుప్పెడు అన్నం, చెంచాడు ఉప్పు, రెండు దబ్బాకులు, పాత కుండలోని తేట ఒక గ్లాసు. మూతికి పల్చని గుడ్డ కట్టాలి. మే నెలలో బెజవాడ ఎండకు మర్నాటికే పులుస్తుంది. చలికాలంలో మూడు నాలుగు రోజులు పడుతుందని అమ్మ చెప్పింది. తీసినంత తేటకు అంత తాజా గంజి పోస్తూ ఉంటే కుండ నడుస్తుంది. ఒకవారం ఉప్పు మార్చి చూశాను, ఒకవారం స్టీలు గిన్నెలో చూశాను. పులుపు రెంటిలోనూ వచ్చింది గాని, మట్టికుండలో తేట చల్లగా ఉంది. చెమ్మ ఆవిరయ్యే కుండకు ఆ గుణం సహజమే.

పులుపు బాగా ఎక్కితే చెడగొట్టే క్రిములకు అందులో బతుకు కష్టం. పులవకముందే అసలు జాగ్రత్త. అందుకే పాత తేట కలపటం. ముక్కు పట్టుకోవలసిన వాసన వచ్చినా, రంగురంగుల బూజు కట్టినా మొహమాటపడకుండా పారబోయాలి.

మావాడి ఈస్టుకు 18, 20 డిగ్రీల చల్లదనం కావాలి. మన ఎండల్లో అది వెర్రెక్కి పాడురుచులు పుట్టిస్తుంది. మన కుండకు ఆ ఎండే కావాలి. అంచేత ఏ ఊరికి ఆ ఊరి పులుపు.

తరవాణికి వచ్చిన కష్టం ఎండ తేలేదు, కుక్కరు తెచ్చింది. గంజి వార్చే పనే లేకపోతే కుండలో ఏం పోస్తాము? మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నది. అమ్మమ్మకు ప్రాణాలు దక్కాయి గాని ఇల్లు దక్కలేదు, ఇంటితో కుండా పోయింది. మళ్ళీ పాక వేసుకొని పొయ్యి వెలిగించిన వారానికి, ఉప్పెన అందని ఊళ్ళో ఉన్న ఆడపడుచు ఇంటినుంచి చెంబుడు తేట తెప్పించుకొని కుండ పెట్టిందట. సామాను ఏమీ లేనప్పుడు తరవాణి ఏమిటని అడిగితే, "పొద్దున్నే చద్దన్నంలోకి పిల్లలకు ఏం పొయ్యను?" అన్నదని అమ్మ చెబుతుంది. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది ఆ చెంబుడు తేట సంతానమే.

మా వీధిలో ఇప్పటికి నాలుగిళ్ళవాళ్ళు గ్లాసులు పట్టుకొచ్చి తేట తీసుకువెళ్ళారు. వారిలో పాతికేళ్ళ కోడలు ఒకామె, వార్చటం ఎలాగో తెలియదంటే, అమ్మ దగ్గరుండి ఎసరు పెట్టించి, సిబ్బి మూసి, గిన్నె వంచటం నేర్పింది. వేడి గంజి చేతిమీద పడకుండా మసిగుడ్డ ఎలా పట్టుకోవాలో చెప్పటానికే అరగంట పట్టింది.