సంఘపు చిన్న వెబ్ యాప్‌ను తక్కువ ఖర్చుతో నడుపుట

వరి కోతల రోజులలో కోతయంత్రము కొరకు వంతు కుదుర్చుకొనుట గ్రామములలో పెద్ద తగవు. ఒకరికి ఫోనులో చెప్పిన మాట మరొకరి పుస్తకములో ఎక్కదు. పండిన చేను ఒరిగియుండగా వంతు రెండు రోజులు తప్పి, ఇంతలో వాన కురిసినచో గింజ రాలును, రంగు మారును, వెన్ను మీదనే మొలకెత్తును. ఇట్టి నష్టమును తప్పించుకొనుటకు రైతు సంఘములు వంతుల పుస్తకమును వెబ్ యాప్‌గా మార్చుకొనవచ్చును. సభ్యుడు తన ఫోనులో దానిని తెరచి, ఏ రోజు ఖాళీ కలదో చూచి, తన పేరు వ్రాసికొనును. అట్టి యాప్‌ను చదువుకొన్న యువకులు వ్రాసి ఇవ్వగలరు. కాని దానిని ఎక్కడ ఉంచవలెను, ఏటేటా ఎంత ఖర్చగును, ఎవరు కనిపెట్టి ఉండవలెను అను విషయములను సంఘమే తేల్చుకొనవలెను.

పని కొలత

బావి ఊటను చూడక పెద్ద మోటారు బిగించిన రైతు నష్టపోవును. ఇక్కడను అంతే. మీ సంఘములో 300 మంది సభ్యులు కలరనుకొనుడు. ఒక్కొక్కరు రోజుకు 10 సార్లు యాప్ తెరచినచో మొత్తము 3,000 సార్లు అగును. ఒక్కసారికి 100 కిలోబైట్ల సమాచారము పోయినను, రోజుకు 300 మెగాబైట్లు, నెలకు 9 గిగాబైట్లు మాత్రమే. పగటి 10 గంటలలో ఈ పని పరచుకొన్నచో నిమిషమునకు 5 సార్లు. అన్నిటికంటె చిన్న సర్వరు సైతము ఈ భారమును తేలికగా మోయగలదు. సర్వరు అనగా రాత్రింబగళ్లు పనిచేయుచు, అడిగినవారి ఫోనుకు పుటలను పంపెడి కంప్యూటరు.

మారని పుటలు

యంత్రముల అద్దె రేట్లు, డ్రైవర్ల ఫోను నంబర్లు, సంఘ నియమములు మొదలైనవి తరచు మారవు. వీటికి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటి సేవలు ఇట్టి పుటలను ఉచితముగా ఉంచుచున్నవి. గిట్‌హబ్ పేజెస్‌లో 1 గిగాబైటు వరకు పుటలను ఉంచవచ్చును. నెలకు 100 గిగాబైట్ల రాకపోకలకు మించరాదని వారి సూచన. పై లెక్క ప్రకారము మన అవసరము అందులో పదవ వంతుకూడ లేదు. అయితే అక్కడ పుటలను చూపుటయేగాని, సభ్యుడు వ్రాసిన వంతును దాచుకొను ఏర్పాటు లేదు. వ్రాతపనికి వేరు మార్గము చూడవలెను.

వ్రాతపనికి నాలుగు మార్గములు

1. ఉచిత సేవలు: రెండర్ వంటి సంస్థలు చిన్న ప్రోగ్రామును రుసుము లేకుండ నడపనిచ్చుచున్నవి. కాని 15 నిమిషములు ఎవరును తెరవకున్న ప్రోగ్రాము నిద్రపోవును. తరువాత తెరచినవారు ఒక నిమిషము వరకు వేచియుండవలసి వచ్చును. ఆ కంప్యూటరులో ఫైలుగా వ్రాసినది మరల మొదలైనప్పుడు చెరగిపోవును. ఉచితము ఎల్లకాలము ఉండునను భరోసాయు లేదు. హెరోకూ సంస్థ తన ఉచిత సేవను 2022 నవంబరు 28న నిలిపివేసినది. కనుక ఈ మార్గము పరీక్షకు మంచిది, కోతల కాలమునకు తగదు.

2. ఉమ్మడి హోస్టింగు: ఒకే సర్వరును అనేకులు పంచుకొందురు. సర్వరు బాగోగులు సంస్థయే చూచును. పీహెచ్‌పీలో వ్రాసిన యాప్‌లకు ఇది అనువైనది. మొదటి ఏడాది ధర తక్కువ చూపి, పునరుద్ధరణకు ఎక్కువ అడుగుట ఈ వ్యాపారములో సాధారణము. రెండవ ఏటి ధరను అడిగి తెలిసికొనిన పిమ్మటనే చేరవలెను.

3. అద్దె సర్వరు: పెద్ద కంప్యూటరులో ఒక చిన్న భాగమును మీకే ప్రత్యేకించి ఇత్తురు. అతి చిన్నది నెలకు 4 నుండి 6 డాలర్లకు దొరకును. దానిమీద 18 శాతము పన్ను. ప్రోగ్రాము నిద్రపోదు, వ్రాసినది నిలుచును. కాని రక్షణ మార్పులను ఎప్పటికప్పుడు వేయుట మీ బాధ్యత.

4. స్వంత కంప్యూటరు: రాస్‌బెరీ పై వంటి అరచేతిలో పట్టు కంప్యూటరును సంఘ కార్యాలయములోనే ఉంచవచ్చును. అది 5 వాట్లు వాడినచో నెలకు 3.6 యూనిట్ల కరెంటు అగును. కాని కరెంటు పోయినను, బ్రాడ్‌బాండు తెగినను యాప్ ఆగిపోవును. పైగా బయటివారు నేరుగా చేరగల చిరునామా అనేక ఇంటర్నెట్ కనెక్షన్లకు ఉండదు. దానికి వేరొక ఏర్పాటు కావలెను.

యువకుడొకడు నెలకొకసారియైనను చూచుకొనగలడన్నచో మూడవ మార్గము మేలు. అట్టివారు లేనిచో రెండవది మేలు. వంతుల లెక్కకు వేరే డేటాబేసు సర్వరును అద్దెకు తీసికొననక్కరలేదు. 2000 సంవత్సరములో వెలువడిన ఎస్‌క్యూలైట్ అను ఉచిత సాధనము లెక్కనంతయు ఒకే ఫైలులో భద్రపరచును. మన పనికి అది చాలును.

ఖర్చు లెక్క

అద్దె సర్వరుకు ఏడాదికి పన్నుతో కలిపి సుమారు 57 నుండి 85 డాలర్లు అగును. డాలరును 90 రూపాయలుగా కట్టినచో ఇది 5,100 నుండి 7,650 రూపాయలు. యాప్ పేరుకు, అనగా డొమైనుకు, మరి 1,000 రూపాయలు వేసికొన్నను మొత్తము 9,000 దాటదు. 300 మంది పంచుకొన్నచో తలకు ఏడాదికి 30 రూపాయలు. ఫోనుకు, సర్వరుకు నడుమ సమాచారమును మూసి పంపు ధ్రువపత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది; దానికి డబ్బు చెల్లించనక్కరలేదు.

పేరు సంఘముదే కావలెను

నేనెరిగిన ఒక సంఘములో డొమైనును యాప్ వ్రాసిన కుర్రవాని పేర, అతని మెయిలుతో తీసికొనిరి. అతడు ఉద్యోగమునకై వెళ్లెను. గడువు జ్ఞాపకము చేయు జాబులు అతని పాత మెయిలుకే పోయెను. సరిగా కోతల వారములో యాప్ మూతపడినది. ఎవరి వంతు ఎన్నడో తెలియక యంత్రము ఒక పూట ఊరికే నిలిచియుండెను. కాబట్టి డొమైను, సర్వరు, వాటి పాస్‌వర్డులు సంఘము పేర, సంఘపు మెయిలుతో ఉండవలెను. కనీసము ఇద్దరు సభ్యులకు తెలిసియుండవలెను. చెల్లింపు గడువును కోతయంత్రపు బీమా తేదీ ప్రక్కనే లెక్కపుస్తకములో వ్రాయవలెను.

మార్పులు, నకళ్లు

క్రొత్త వంగడమును పొలమంతట ఒకేసారి వేయము. ఒక మడిలో వేసి చూతుము. యాప్‌లో మార్పులను కూడ ముందు వేరుగా పరీక్షించి, పిదప సర్వరుమీద వేయవలెను. పాత ప్రోగ్రామును గిట్ వంటి సాధనములో దాచియుంచినచో, తప్పు జరిగినప్పుడు వెంటనే వెనుకకు మరలవచ్చును. కోతలు మొదలైన తరువాత ఏ మార్పును చేయరాదు.

వంతుల లెక్కకు ప్రతి రాత్రి నకలు తీయవలెను. వ్రాత జరుగుచుండగా ఫైలును ఊరక కాపీ చేసినచో నకలు చెడవచ్చును. ఎస్‌క్యూలైట్‌లోని బ్యాకప్ ఆదేశమునే వాడవలెను. ఒక నకలు సర్వరుకు బయట, వేరొక చోట ఉండవలెను. నెలకొకసారి ఆ నకలుతో లెక్కను మరల తెరచి చూడవలెను. మొలక పరీక్ష చేయని విత్తనమును, తెరచి చూడని నకలును నమ్మరాదు.

సభ్యుని పేరు, ఫోను నంబరు, చేను విస్తీర్ణము తప్ప మరేమియు అడుగవలదు. వంతు కొరకు ఆధార్ సంఖ్య అవసరము లేదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టము వచ్చినది. దాచని సమాచారము దొంగిలింపబడదను మాట అన్నిటికంటె చౌకైన రక్షణ.

చివరిమాట

మొదటి పంటకాలమున యాప్‌తోబాటు కాగితపు పుస్తకమును కూడ నడుపుడు. ప్రతి సాయంకాలము రెంటిని సరిచూడుడు. పంట చివర వరకు రెండును ఒక్కటిగా నిలిచినచో, మరుసటి కారులో పుస్తకమును బీరువాలో పెట్టవచ్చును. నిలువనిచో, తప్పు ఎచ్చట కలదో పుస్తకమే చూపును; ఈ లోపల ఏ రైతు వంతును పోదు.