తీర్థజలానికి నాడి చూడటం

నలభై ఏళ్ళు గోదావరి రేవులో యాత్రికులచేత స్నానసంకల్పం చెప్పించాను. ఆ నీటిని పరీక్షించవలసి ఉంటుందని ఏనాడూ తలచలేదు.

ఒక ఉదయం జలనమూనాల కోసం ఒక యువకుడు వచ్చాడు. "అమ్మవారికి పరీక్ష ఏమిటి నాయనా?" అని కొంత కినుకతోనే అడిగాను. "అమ్మకు ఒంట్లో బాగులేకపోతే నాడి చూడమా అండీ?" అన్నాడు. నేను మారు పలుకలేదు.

అతడు గాలిబుడగ లేకుండా సీసా నింపి, అందులో రెండు ద్రావణాలు చేర్చాడు. నీటిలో ప్రాణవాయువు కరిగి ఉంటే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. లేకుంటే అది తెల్లగానే ఉండిపోతుంది. నడిప్రవాహపు నీటిలో ఆ రంగు చిక్కగా కనిపించింది. పూలదండలు, విడిచిన బట్టలు కుళ్ళుతున్న మెట్ల మూలలో వెలవెలబోయింది. కుళ్ళును తినే సూక్ష్మజీవులు ఆ ప్రాణవాయువును హరిస్తాయి. చేపలకు ఊపిరి ఆడదు.

స్నానయోగ్యమైన నీటికి మన దేశంలో ప్రమాణాలున్నాయి. లీటరుకు కరిగిన ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. 27 డిగ్రీల వద్ద మూడు దినాలుంచిన నీటిలో సూక్ష్మజీవులు వినియోగించే ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములు మించరాదు. మలసంబంధమైన కోలిఫారం జీవులు 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండటం వాంఛనీయం, 2,500 దాటరాదు. ఇవేవీ కంటికి కనిపించవు. కాబట్టి తేటనీరు కనిపించగానే శుద్ధజలమని నిశ్చయించరాదు.

సాగరసంగమం వద్ద పరీక్ష మరొక విధం. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. పోటు వేళ ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నుతుంది. అందుచేత అక్కడ లవణాంశాన్ని పోటుకూ పాటుకూ వేరువేరుగా కొలవాలి. గౌతమివైపు కోరింగ మడ అడవుల స్థితి, వరదనీటికి ఎదురీదుతూ వచ్చే పులస రాక కూడా నది ఆరోగ్యాన్ని తెలిపే చిహ్నాలే. ఒక్కనాటి కొలత చాలదు. ఋతువు వెంట ఋతువు, ఏడాది వెంట ఏడాది చూస్తేనే మార్పు తెలుస్తుంది.

ఇక నా దోషం చెప్పుకుంటాను. కట్టుబట్టలు నదిలో విడిచిపెట్టండని ఎందరికో నేనే చెప్పాను. నీటిలో మలమూత్రాలు విడువరాదని, ఉమ్మరాదని మనుస్మృతి నాల్గవ అధ్యాయం నిషేధించింది. అది ఇతరులకు బోధిస్తూనే, నా మాటవల్ల రేవులో పేరుకొనే కుళ్ళును చూడలేకపోయాను. ఆనాటినుండి ఆ మాట మానివేశాను.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. యాత్రికులు బట్టలు, ప్లాస్టిక్ సంచులు, సబ్బు నదికి ఇవ్వవద్దు. నిర్మాల్యాన్ని ఒడ్డున ఉంచిన తొట్టిలో వేయండి. దాతలు రేవుకు మెట్లు కట్టించేటప్పుడు మరుగుదొడ్లకూ, నెలనెలా జలపరీక్షకూ కొంత ద్రవ్యం కేటాయించండి. పరీక్షాఫలితాన్ని రేవులో పలకపై వ్రాయించండి. ఏ దినం స్నానం తగదో అది చెబితే, ఆ దినం ప్రోక్షణతో తృప్తిపడదాం.