అగ్ని అడిగిన యోహాను

సమరయ గ్రామస్థులు యేసుప్రభువును తమ ఊళ్లోకి రానివ్వలేదు. యాకోబు, యోహానులకు కోపం ముంచుకొచ్చింది. ఆకాశం నుంచి అగ్ని రప్పించి వాళ్లను కాల్చేద్దామా అని ప్రభువునడిగారు (లూకా 9:54). వారు దుర్మార్గులు కారు, ప్రభువును ప్రేమించినవారే! ఆయనకు జరిగిన అవమానాన్ని భరించలేకపోయారు. మతం పేరిట హింసకు దిగే చాలామంది యువకుల కథ మొదలయ్యేది అవమానం దగ్గరే.

2000 జూన్ 8న మన గోదావరి సీమలోని తాడేపల్లిగూడెంలో, ఒంగోలులో చర్చిల్లో బాంబులు పేలాయి. అనుమానాలు మొదట హిందూ సంస్థల మీదికి మళ్లాయి. జూలైలో బెంగళూరులో ఒక వ్యాన్‌లో బాంబు పేలి, దాన్ని తీసుకెళ్తున్నవారే చనిపోవడంతో గుట్టు రట్టయింది. దీన్‌దార్ అంజుమన్ అనే చిన్న శాఖవారు హిందువులకు, క్రైస్తవులకు మధ్య చిచ్చుపెట్టడానికే ఇదంతా చేశారని దర్యాప్తులో తేలింది. 2001లో కేంద్రం ఆ సంస్థను నిషేధించింది. కొందరి నేరానికి ముస్లిం సోదరులందరినీ వేలెత్తి చూపడం ఎంత తప్పో, నిజం తేలకముందే హిందూ పొరుగువారిని అనుమానించడమూ అంతే తప్పు.

అరీ క్రుగ్లాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి మూడు కారణాలు చెబుతాడు: తనకో విలువ కావాలన్న ఆకలి, ఆ విలువ హింసతో వస్తుందని నమ్మించే కథ, ఆ కథకు చప్పట్లు కొట్టే గుంపు. కొద్దిమందిగా బతికేచోట తన విశ్వాసాన్ని నలుగురూ వెక్కిరిస్తే కుర్రవాడిలో ఆ ఆకలి పెరుగుతుంది. 'నువ్వు మామూలువాడివి కాదు' అని ఎవరో భుజం తడితే చాలు, వాడి వెంట వెళ్లిపోతాడు. పాత స్నేహాలు తెంచుకుంటాడు, ఇంట్లో మాట్లాడడం మానేస్తాడు.

మన సంఘాలకు ఈ ప్రమాదం లేదనుకోవద్దు. పరుల దేవుళ్లను హేళన చేసే వీడియోలు మన పిల్లల ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. శ్రమలను గురించి మాత్రమే బోధించి, శత్రువును ప్రేమించడం నేర్పకపోతే ఆ లోటును మరెవరో ద్వేషంతో నింపుతారు. తునిలోనైనా, మరెక్కడైనా యువకుడికి సంఘంలో ఒక బాధ్యత, అతని కోపాన్ని ఓపికగా వినే ఒక పెద్ద ఉండాలి. సంఘాన్ని హింసించిన సౌలు దమస్కులో గుడ్డివాడై కూర్చున్నప్పుడు, అననీయ అతనిపై చేతులుంచి సహోదరుడని పిలిచాడు (అపొ.కా. 9:17).

ప్రభువు శిష్యులను గద్దించి వేరొక గ్రామానికి వెళ్లాడు. కొన్నేళ్ల తర్వాత అదే యోహాను పేతురుతో కలిసి సమరయకు వెళ్లి, అక్కడివారు పరిశుద్ధాత్మను పొందాలని ప్రార్థించాడు (అపొ.కా. 8:14,15). కాల్చేద్దామన్నవాడే వారికోసం మోకరించాడు. మన యువకులను ప్రభువు అలా మార్చును గాక!