కొర్రమీను విత్తనము: తల్లివంశపు సాక్ష్యము

విత్తనము మంచిదైననే పంట మంచిదగునని ఎరుగని రైతు లేడు. వడ్లను నీట తేల్చి, తాలును ఏరివేయుదుము. చెరువున వదలు చేపపిల్లను మాత్రము అమ్మినవాని మాటమీదనే కొనుచున్నాము.

2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రమత్స్యముగా ప్రకటించిన కొర్రమీను హైదరాబాదు పాతబస్తీకి మిక్కిలి పరిచితము. అచటి దూద్ బౌలిలో మొదలైన మృగశిరకార్తె చేపమందునకు దీని పిల్లలనే వాడుదురు. ఆ మందుతో ఉబ్బసము కుదురునని శాస్త్రము నిరూపింపలేదు గాని, చేప మాత్రము విలువైనదే. అయితే మట్టగిడసయు ఈ కుటుంబములోనిదే. చిన్ననాట రెంటిని వేరుపరచుట కష్టము. మట్టగిడస ఎంత మేపినను కొర్రమీనంత ఎదుగదు. పిల్ల మారినచో ఏడాది మేతయు, సంఘపు అప్పును నీటిపాలగును.

ఈ సందేహమును తీర్చు సాధన మొకటి గలదు. జీవకణములయందు శక్తిని పుట్టించు మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములుండును. వానిలో కంకణమువలె గుండ్రని డి.ఎన్.ఏ. పోగు కలదు. చేపలలో నది ఇంచుమించు 16,500 అక్షరముల పొడవుండి, 37 జన్యువులను మోయును. ఒక మంచినీటి చేపయందు దీనిని మొదట పూర్తిగా చదివినవారు తైవాను శాస్త్రజ్ఞులు. అది 1992వ సంవత్సరము.

రెక్కముక్కనుండి డి.ఎన్.ఏ.ను తీసి, వలసిన భాగములకు యంత్రముచే లెక్కకు మిక్కిలి నకళ్లు చేసి, అక్షరక్రమమును చదివి, కంప్యూటరుతో ముక్కలను కూర్తురు. ఒక జాతికి పూర్తిపాఠము సిద్ధమైన పిమ్మట, క్రొత్త పిల్లలో చిన్నభాగమును చదివి దానితో పోల్చినను చాలును. మీరాలం చెరువునకు పడమరగా, అత్తాపూరులోనున్న సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల 2007లో జాతికి అంకితమైనది. వేటగాండ్రవద్ద పట్టుబడిన మాంసము ఏ జంతువుదో అచట ఇట్టి పద్ధతిచేతనే తేల్చుదురు.

ఇచట ఒక మెలకువ వలయును. ఈ పోగు తల్లినుండియే బిడ్డకు సంక్రమించును. శీలావతి ఆడుచేపకు, బొచ్చె మగచేపకు పుట్టిన సంకరపిల్ల ఈ పరీక్షలో శీలావతిగానే కనబడును. తండ్రిని తెలియుటకు కణకేంద్రములోని డి.ఎన్.ఏ.ను కూడ చూడవలసినదే.

కావున సభ్యులు విడివిడిగా కొనక, సంఘము తరఫున నమ్మకమైన కేంద్రమునుండి పిల్లలను తెప్పించి, జాతిపేరు వ్రాసిన రసీదు పొందవలెనని మా సలహా. ప్రతి విడతనుండి నాలుగైదు పిల్లలను కల్తీలేని స్పిరిటు సీసాలో వేసి, తేదీ వ్రాసి, సంఘపు బీరువాలో దాచుడు. తగవు వచ్చినయెడల పరీక్షకు పంపుటకు అవి పనికివచ్చును.