బరువు తగ్గే పోటీ మంచిదే, డబ్బు పందెం వద్దు

దావత్‌లో బగారా అన్నం రెండోసారి వడ్డించుకుంటూ ‘సోమవారం నుంచి తగ్గిస్తాను’ అని అనుకోని ఉద్యోగి అరుదు. సోమవారం వస్తుంది. పదకొండు గంటలకు ఆఫీసుకు చాయ్ వస్తుంది, దాని వెంట మిర్చీల పొట్లం వస్తుంది. ఒంటరిగా చేసుకున్న నిశ్చయం అక్కడితో సరి. అదే నిశ్చయం పక్క కుర్చీలోని మిత్రుడితో కలిసి చేసుకుంటే పొట్లం విప్పే ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తోటి ఉద్యోగుల మధ్య స్నేహపూర్వకమైన బరువు పోటీకి మూలం ఈ చిన్న సంకోచమే.

పాలమూరు అనగానే వలసబాట పట్టిన బక్కచిక్కిన కూలీ గుర్తుకొస్తాడు. ఊబకాయం గురించి కొల్లాపూర్‌లో మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ బ్యాంకులో, మండల కార్యాలయంలో, బడిలో, బస్సు స్టీరింగ్ ముందు రోజంతా కూర్చునే వారి సంగతి వేరు. తాతలు జొన్నరొట్టె తిని చేనులో చెమటోడ్చారు. మనుమలు రెండు పూటలా సన్నబియ్యం తిని మోటారు సైకిల్ ఎక్కుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో స్త్రీ పురుషులు ఇరువురిలోనూ నూటికి 30 మందికి పైగా అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్కగట్టింది. మన రాష్ట్ర ఆర్టీసీ కూడా 2022లో ‘గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్’ పేరుతో ఉద్యోగులకు ఆరోగ్య పరీక్షలు జరిపించింది. పరీక్ష జరిపించే పని సంస్థది, ఆ తరువాతి పని మాత్రం ఉద్యోగులు తమలో తాము చేసుకోవలసిందే.

పోటీ అనగానే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని అబూదావూద్ హదీసు సంపుటిలో ఉంది. అప్పుడు ఆమె సన్నగా ఉన్నారు, ఆమే గెలిచారు. కొంతకాలం తరువాత ఆమె ఒళ్లు చేశాక మళ్లీ పరుగెత్తితే ప్రవక్త (స) గెలిచారు, ఆనాటి దానికి ఇది బదులని చెప్పారు. ఆ సంఘటనలో ఎవరి శరీరాన్నీ చిన్నబుచ్చే మాట లేదు, పైసా పందెం లేదు. మన ఆఫీసు పోటీ ఆ రెండు హద్దుల్లో ఉంటే చాలు. చిక్కంతా ఆ రెండింటి దగ్గరే వస్తోంది.

మొదట డబ్బు సంగతి. చాలా చోట్ల పద్ధతి ఏమిటంటే, పదిమంది తలా 500 రూపాయలు వేసుకుంటారు, ఎక్కువ తగ్గిన వాడు 5000 తీసుకుపోతాడు. పైకి ఇది ఆరోగ్య కార్యక్రమంలా కనిపిస్తుంది. నిజానికి గెలిచిన వాడి చేతికి వచ్చింది తొమ్మిది మంది పోగొట్టుకున్నది. ఇలా అందరూ సొమ్ము ఒడ్డి ఒకరు పట్టుకుపోయేదాన్ని ఉలమాలు జూదం కిందే లెక్కిస్తారు. సూరె మాయిదాలో మద్యంతో కలిపి నిషేధించినది ఆ జూదాన్నే. అయితే పోటీలో పాల్గొనని వారు బహుమతి ఇస్తే ఆ దోషం ఉండదని వారే చెబుతారు. దుబాయి మునిసిపాలిటీ 2013 రంజాన్ మాసంలో సరిగ్గా ఇదే చేసింది. కనీసం రెండు కిలోలు తగ్గిన వారికి కిలోకు ఒక గ్రాము చొప్పున బంగారం ప్రకటించింది. ఎవరి జేబూ ఖాళీ కాలేదు. మన ఊళ్లో బంగారం దాకా ఎందుకు? ఆఫీసరు ఒక మంచి నడక బూట్ల జత ఇచ్చినా చాలు. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్‌గారిని ముందే అడగండి, డబ్బు పోగైన తరువాత అడిగితే జవాబు వినబుద్ధి కాదు.

డబ్బు ఆశకు మరో లోపం కూడా ఉంది. అమెరికాలో 57 మందిపై జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. డబ్బు ఎరగా పెట్టినప్పుడు 16 వారాల్లో సుమారు ఆరు కిలోల చొప్పున తగ్గారు. ఆ ఎర తీసేశాక కొన్ని నెలల్లోనే చాలా భాగం తిరిగి పెరిగారు. అదే దేశంలోని రోడ్ ఐలాండ్‌లో 2009లో జట్లుగా జరిగిన 12 వారాల పోటీలో మాత్రం ఒకే జట్టు వారు ఇంచుమించు ఒకే తీరున తగ్గారు. అందుకే ఒక్కొక్కరుగా కాక ముగ్గురేసి, నలుగురేసి జట్లుగా పోటీ పెట్టుకోవడం మేలు.

ఇక పరిహాసం. ‘గుమ్మడికాయ’, ‘ఏనుగు’ అనే పిలుపులు ఆఫీసుల్లో మామూలైపోయాయి. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డపేర్లు పెట్టి పిలవవద్దని సూరె హుజురాత్ స్పష్టంగా వారిస్తోంది. కాబట్టి ఎవరి బరువు ఎంతో గోడమీద రాయకండి. అందరూ నమ్మే ఒకరి దగ్గర నోటు పుస్తకం ఉండాలి. బయటికి చెప్పేది ఎంత శాతం తగ్గారన్నదే. తొంభై కిలోల మనిషి నాలుగున్నర కిలోలు తగ్గినా, అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినా లెక్క అయిదు శాతమే, ఇద్దరూ సమానం. మహిళా ఉద్యోగులు తమ జట్టు తామే కట్టుకుని, పుస్తకం తమలో ఒకరికే అప్పగించుకోవచ్చు. రాలేనన్న వారిని బలవంతపెట్టకూడదు. గర్భిణులను, అసలే సన్నగా ఉన్న వారిని చేర్చుకోనే కూడదు.

బరువు చూసేది ఒకే కాటాపైన, వారానికొకసారి, ఉదయం ఏమీ తినక ముందు. నడుం కొలత కూడా రాసుకోవాలి. మన దేశీయుల్లో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు అని వైద్యులు చెబుతారు. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గితే మంచిది. అంతకుమించి తగ్గి గెలవాలని చూసేవారు చివరి రెండు రోజులు నీళ్లు మానేస్తారు, అది తగ్గడం కాదు, ఎండబెట్టుకోవడం. మధుమేహానికి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా తిండి తగ్గించరాదు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి కుర్చీలోనే కూలిపోగలరు.

తిండి విషయంలో పెద్ద విద్యలేమీ అక్కర లేదు. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 40 కేలరీలు. రోజూ అయిదు చాయ్‌లు తాగే గుమాస్తా చక్కెర ఒక్కటి మానేసి, దాని బదులు మరేదీ తినకపోతే 12 వారాల్లో రెండు కిలోల దాకా తగ్గవచ్చు. కడుపును మూడు పాళ్లు చేసి ఒక పాలు తిండికి, ఒక పాలు నీటికి, ఒక పాలు ఊపిరికి ఉంచమన్న ప్రవక్త (స) సూచన మనకు తెలిసినదే, గుర్తుకు రానిది దస్తర్‌ఖాన్ ముందే. జుమా నమాజుకు బండి వదిలి నడిచి వెళ్లడం, మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు ఆవరణలో తిరగడం వంటివి జట్టుగా చేయదగిన పనులు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చూసుకోండి. రంజాన్‌లో వద్దు, ఆ ఉపవాసాల ఉద్దేశం వేరు. కొల్లాపూర్ తోటల మామిడి దిగే ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటే ఎవరి నిగ్రహమూ నిలవదు, ఇంటింటికీ గంపలు వస్తాయి. వానలు పడి ఎండ తగ్గాక జూలైలో మొదలుపెడితే 12 వారాలకు అక్టోబరు వస్తుంది. పోటీ ముగిశాక నోటు పుస్తకం పారేయకుండా, ప్రతి నెలా మొదటి సోమవారం ఒకసారి అందరూ కాటా ఎక్కుతూ ఉండండి.